మా అన్న గొడుగు బిళ్ళ

మా అన్న జగదీశ్వర్ నిచ్చెన ఎక్కేవాడు కాదు. ఇంట్లో బల్బు మాడితే అరుంధతి వదిన కొంగు నడుముకు చెక్కుకుని స్టూలు ఎక్కేది. అన్న కింద నిలబడి స్టూలు కాళ్ళు రెండు చేతులా పట్టుకునేవాడు, పైకి కూడా చూసేవాడు కాదు. చిక్కడపల్లి ఇంట్లో మిద్దె మీది ట్యాంకు నిండిందో లేదో చూడాలన్నా వదినే ఎక్కాలి. అలాంటి మనిషి, సైన్యంలో ఉన్నప్పుడు పారాచూట్ కట్టుకుని విమానం నుంచి దూకేవాణ్ణని చెబితే ఎవరు నమ్ముతారు.

నేను నమ్మాను. నేను చెల్లెల్ని. చింతగింజ మింగితే కడుపులో చెట్టు మొలుస్తుందని అన్న చెప్పినా నమ్మినదాన్ని, విమానం ఒక లెక్కా.

నమ్మనివాళ్ళలో మొదటివాడు మా ఆయన వెంకటరామయ్య. బావా బావమరుదులు ఒకరినొకరు దెప్పుకోకపోతే అది చుట్టరికమే కాదని మా ఇళ్ళల్లో ఒక లెక్క. నా పెళ్ళికి అన్న సెలవు మీద వచ్చి, భోజనాల పంక్తిలో ఆకుపచ్చ పటాలం చొక్కా వేసుకుని కూర్చున్నాడు. కుడిచేతి మీద, భుజానికి కొంచెం కింద, వేలెడంత గుడ్డ బిళ్ళ. నడుమ తెల్లటి పారాచూట్, అటూ ఇటూ నీలం రెక్కలు. మా అమ్మ దాన్ని గొడుగు బిళ్ళ అనేది. పెళ్ళికొడుకు ఆ బిళ్ళ అంచును గోటితో పట్టి ఒక్క గుంజు గుంజాడు.

"గీ బిళ్ళలు జుమ్మేరాత్ బజార్ల గంపలకు గంపలు పోసి అమ్ముతరు బావా. నీకు ఏ గంపల దొరికింది?" అన్నాడు.

బిళ్ళ మూల కుట్టు ఊడి వేలాడింది. పంక్తంతా నవ్వింది. అన్న కూడా నవ్వాడు.

"నిచ్చెన ఎక్కుమంటె కాళ్ళు వణుకుతయి, విమానం ఎట్ల ఎక్కినవ్ మరి?"

"నిచ్చెన మీద ఆలోచించుకునే టైమ్ ఉంటది బావా. విమానంల గట్ల కాదు, వెనకోడు నూకుతడు."

ఆ జవాబుకు ఇంకా నవ్వారు. ఆ నవ్వు అక్కడితో ఆగలేదు. ప్రతి పండక్కీ, ప్రతి పేరంటానికీ మా ఆయన ఆ మాట ఎత్తడం, అన్న ఈ మాట చెప్పడం. పిల్లలు పుట్టి అదే విని పెరిగారు. చివరకు ఇంట్లో దానికి ‘బజార్ బిళ్ళ’ అనే పేరు స్థిరపడిపోయింది. సరసానికి అన్నమాట రోజూ అంటే నిజంలా పాతుకుపోతుంది. వదిన కూడా అందరితో పాటు నవ్వేది. అన్న పటాలం కాగితాలేమో ఎప్పుడో చెదలు తినేశాయి. మిగిలింది ఆ బిళ్ళ ఒక్కటే.

అన్న పోయాక ఆ మాట ఎత్తడం మా ఆయన మానేశాడు. ఎదురు చెప్పేవాడు లేకపోతే దెప్పడంలో రుచి ఉండదు కదా.

మొన్న ఎండాకాలం తగ్గాక, బాగ్ లింగంపల్లిలో పెద్ద గ్రంథాలయం ఉన్న చోట ఒక ప్రదర్శన పెడుతున్నారని తెలిసింది. మన పేటల్లో ఇంటింటికీ మిగిలిన పాత వస్తువులు తెచ్చి, అద్దాల పెట్టెల్లో పెట్టి, పక్కన ఎవరివో రాస్తారట. గ్రామఫోను, ఇత్తడి మరచెంబు, నిజాం కాలపు తాళం, ఇలాంటివి. సైన్యానికి సంబంధించినవి ఏవైనా ఉంటే అశోక్‌నగర్‌లో ఫణీంద్ర అనే ఆయనకు ముందు చూపించాలట. ఆయన కరెంటు ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు, బిళ్ళలూ పతకాలూ పోగుచేయడం ఆయనకు పిచ్చి. కిందటిసారి ఎవరో నకిలీ పతకం ఇస్తే చూడకుండా పెట్టేశారట. పాత సైనికులు నలుగురు వచ్చి, నడి ప్రదర్శనలో దాన్ని తీయించి, అందరి ముందూ ఆయన్ను కడిగేశారట. అప్పటి నుంచి అసలుదని తేలితే తప్ప ఆయన దేన్నీ పెట్టనివ్వరట.

ఆ సంగతి విన్న మరునాడే వదిన నాకు ఫోన్ చేసింది. నేను నారాయణగూడ నుంచి ఆటోలో వెళ్ళి, చిక్కడపల్లిలో వదినను ఎక్కించుకున్నాను. అశోక్‌నగర్ సందుల్లో కోచింగ్ పిల్లలు పుస్తకాలు గుండెలకు అదుముకుని రోడ్డు నిండా నడుస్తుంటే ఆటో చీమలా పాకింది. వదిన ఒళ్ళో తెల్ల రుమాలు. అందులో బిళ్ళ.

"మా ఆయన అన్న మాట మనసుల పెట్టుకోకు వదినా. ఆయన నోరే గంత," అన్నాను.

"అన్నది మీ ఆయన. నవ్వింది నేను," అంది వదిన. "ఆయన అబద్ధం చెప్పిండనుకో, పోనీ, మగోళ్ళు ఏదో ఒక గొప్ప చెప్పుకుంటరు. నిజమే చెప్పిండనుకో, సంసారం చేసినన్ని రోజులు ఆయన నిజం చెప్తుంటె నేను ఎదురుంగ కూసొని నవ్విన. రెండిట్ల ఏదో నాకు తెల్వాలె బాలా. దొంగదైతె ఈ రుమాలు మళ్ళ విప్ప."

నా పేరు బాలత్రిపురసుందరి. అంత పేరు పిలిచే ఓపిక ఎవరికీ లేక బాలను అయ్యాను.

ఫణీంద్రగారి గది నిండా చిన్న చిన్న సొరుగుల బీరువాలు. తలుపు తీయగానే కలరా ఉండల వాసన. మనిషి సన్నగా ఉన్నారు, రెండు కళ్ళద్దాలు, ఒకటి ముక్కు మీద, ఒకటి నెత్తి మీద. మంచినీళ్ళు ఇచ్చి, మా ఇంటి ‘బజార్ బిళ్ళ’ కథంతా విని, బిళ్ళను పటకారు లాంటి చిన్న చిమటాతో పట్టుకుని తెల్ల కాగితం మీద పెట్టారు. చేత్తో ముట్టుకోలేదు. పసిపిల్లవాడి కంట్లో నలుసు తీసేవాడిలా వంగి చూశారు.

"ఈ ఎరుపు ఏందమ్మా? రంగు దిగినట్టుంది," అన్నారు. గొడుగు నడుమ గులాబీ మరక ఉంది.

వదిన నా వైపు చూసింది.

ఆయన సొరుగు తెరిచి ఇంకో బిళ్ళ తీసి పక్కన పెట్టారు. "ఇది పటాలంలో ఇచ్చింది, నాకు ఖాయంగ తెలుసు. చూడండి, దీని రెక్కల ఈకలు దగ్గరదగ్గర ఉన్నయి. మీదాని ఈకలు ఎడం. పని వేరే చెయ్యిది."

"అంటే దొంగదా?" అన్నాను.

"అప్పుడే అనొద్దు. ఇచ్చిన బిళ్ళ చిరిగిపోతె జవాన్లు కంటోన్మెంట్ బజారుల దర్జీల తాన కొనుక్కునేటోళ్ళు. అవి కూడ అసలువే, పెట్టుకున్నోడు అసలోడైతె." నెత్తి మీది కళ్ళద్దాలు కిందికి దించారు. "ఇగ దారం సంగతి చూద్దాం."

కిటికీ పరదా వేశారు. చేతిలో దొంగనోట్లు కనిపెట్టే నీలి లైటు టార్చి ఉంది. ముందు తన బిళ్ళ మీద వేశారు. అది నల్లగా, మొద్దుగా ఉండిపోయింది. తరువాత మా అన్న బిళ్ళ మీద వేశారు. గొడుగు తెల్లగా, నీలంగా భగ్గుమంది, పెళ్ళి పందిట్లో ట్యూబులైటులా.

నాకు భలే ముచ్చటేసింది. ఆయన ముఖం మాత్రం వాడిపోయింది.

"పాత దారం గిట్ల మెరవదమ్మా. ఇప్పటి దారాలల్ల మెరుపు మందు కలుపుతరు. రంగు దిగింది, ఈకలు తేడా, ఇగ ఇదొకటి. మూడూ ఒక దిక్కే చూపిస్తున్నయి. మాఫ్ చెయ్యండి."

వదిన రుమాలు మడత పెట్టడం మొదలుపెట్టింది. ఒక మడత, ఇంకో మడత. బిళ్ళను అందులో పెట్టుకోవాలని కూడా తోచలేదు ఆమెకు.

నాకు చిన్నప్పటి నుంచీ ఒక రోగం. కొత్త వస్తువు కనిపిస్తే చేతిలోకి తీసుకోకుండా ఉండలేను. "సారూ, జర ఆ టార్చి ఇటియ్యండి," అని అడిగి తీసుకున్నాను. గోడ మీద వేశాను. ఏమీ లేదు. ఆయన చొక్కా మీద వేశాను. కాలరు భగ్గుమంది. మంచం మీది దుప్పటి భగ్గుమంది. నా కొంగు మీద వేసుకున్నాను. అది నాకు పెద్దకొడుకు పుట్టినప్పుడు అమ్మ పెట్టిన నారాయణపేట చీర, ఉతికి ఉతికి రంగంతా వెలిసి, ఒంటికి మెత్తగా ఉంటుందని ఇప్పటికీ కడతాను. అదీ భగ్గుమంది.

"ఇది నా కొడుకంత పాతది సారూ. వానికి మనుమలు పుట్టే ఈడొచ్చింది. ఇది కూడ కొత్త దారమేనా?"

ఆయన నా కొంగు అంచు చూశారు, బిళ్ళ చూశారు, మళ్ళీ కొంగు చూశారు.

"మీరు దీన్ని సబ్బు పొడిల ఉతుకుతరు," అన్నారు మెల్లగా.

"ఉతకకుండ ఎట్ల కడత?"

"సబ్బు పొడిల కూడ ఆ మెరుపు మందే ఉంటది. కాని బిళ్ళను ఎవరు ఉతుకుతరమ్మా? దాచుకునేటోళ్ళు దాన్ని నీళ్ళకు కూడ చూపియ్యరు." వదిన వైపు తిరిగారు. "మీరు గాని ఉతికిన్రా?"

"దసరకు దసరకు," అంది వదిన.

ఆయనకు అర్థం కాలేదు. నేను చెప్పాను. దసరాకు మా ఇళ్ళల్లో ఆయుధపూజ. కత్తిపీట, సుత్తె, కుట్టు మిషను, స్కూటరు, ఏ పనిముట్టు ఉంటే అది కడిగి దేవుడి ముందు పెడతాం. అన్న ఏటా ఆ బిళ్ళను కూడా తెచ్చి సుత్తె పక్కన పెట్టేవాడు. పూజకు పెట్టే వస్తువు మాసి ఉండకూడదని వదిన ముందురోజు దాన్ని సబ్బు నీళ్ళలో నానబెట్టి, పిండి, నీలిమందు పెట్టి, మిద్దె మీద ఆరేసేది.

"మరి ఈ ఎరుపు?"

"కుంకుమ సార్. బొట్టు పెట్టకుండ పూజ ఎట్లయితది?" అంది వదిన. "మొదలు పసుపు, దాని మీద కుంకుమ."

ఫణీంద్రగారు కుర్చీలో వెనక్కి వాలి, చిన్నగా నవ్వడం మొదలుపెట్టారు. "ఇన్నేండ్లల బిళ్ళకు బొట్టు పెట్టినోళ్ళను చూడలేదు." తరువాత ఏదో గుర్తొచ్చి అడిగారు. "ఒక్క మాట. మీరు దీన్ని నమ్మలేదంటిరి కదా. నమ్మనిదాన్ని అంత శ్రద్ధగ ఎందుకు ఉతికిన్రు?"

"ఆయన పూజకు పెట్టిండు కద," అంది వదిన. అంతకంటే కారణం ఏముంటుంది అన్నట్టు అంది.

ఆయన పరదా తీసి వెలుతురు రానిచ్చారు. టార్చిని సొరుగులో పడేశారు. "ఇగ ఇది మన పంచాయితికి పనికిరాదు. ఉతికిన బట్టను అడిగితే అది సబ్బు సంగతే చెప్తది. మొదటి నుంచి చూద్దాం."

ఈసారి బిళ్ళను బోర్లా తిప్పారు. బొంగరమంత భూతద్దం కంటికి పెట్టుకున్నారు. అంచుల వెంట సూది బెజ్జాలు ఒక వరుస కాదు, ఒకదాని పక్కన ఒకటి, కొన్ని ఒకదాని మీద ఒకటి.

"అమ్మకానికి చేసిన బిళ్ళకు ఇన్ని బెజ్జాలు ఉండయి. దీన్ని కుట్టిన్రు, విప్పిన్రు, వేరే చొక్కాకు కుట్టిన్రు. చూడండి, చేతి మీద ఉండి ఉండి వంపు కూడ తిరిగింది. ఇది పెట్టుకున్న బిళ్ళమ్మా. అది నేను ఖాయంగ చెప్త."

వదిన రుమాలు మడత పెట్టడం ఆపింది. "ఎవరు పెట్టుకున్నది?"

"అది బిళ్ళ చెప్పదు." ఆ మాట చెప్పడం ఆయనకే కష్టంగా ఉంది. "ఎవరో జవాను పెట్టుకున్నదాన్ని బజార్ల ఇంకొకరు కొనొచ్చు. పేరు రాసి పెట్టాలంటె నాకు ఇంకొకటి కావాలె."

ఆయన ఊరికే ఉండలేక మళ్ళీ భూతద్దం పెట్టారు. ఒక మూల దగ్గర ఆగిపోయారు. అలా ఎంతసేపు చూశారో, నా గ్లాసులో నీళ్ళు అయిపోయాయి.

"ఇదేందో నాకు తెలుస్తలేదు. మూడు మూలలు దర్జీ పని. ఈ నాలుగో మూలల దారం తునక మిగిలింది, ఇది దర్జీది కాదు. దారం చివర ముడి లేదు. ముడికి బదులు కుట్టు మీద కుట్టు అడ్డంగ, నిలువుగ వేసిన్రు, ముగ్గు చుక్కలెక్క. గిట్ల ఎవరు కుడతరు?"

"ఏదీ," అన్నాను.

భూతద్దం నా చేతికిచ్చారు. ముందు నా వేలే కనిపించింది, వడియమంత. తరువాత ఆ మూల కనిపించింది. దారంతో వేసిన చిన్న నక్షత్రం. దాని కింద ఆకుపచ్చ నూలు పోగు ఒకటి ఇరుక్కుని ఉంది.

నేను నా గుడ్డ సంచి ఆయన ముందు పెట్టి, సంచి చెవి కుట్టిన చోటు వేలితో చూపించాను. ఆయన భూతద్దం లాక్కున్నంత పని చేశారు. సంచి మీదా నక్షత్రమే.

"ఇది ఎవరు కుట్టిన్రు?"

"నేను. మా అమ్మ నేర్పింది." నీళ్ళు తాగుదామంటే గ్లాసు ఖాళీ. "దూరం పొయ్యేటోళ్ళ బట్టకు ముడి వెయ్యనియ్యకపోయేది మా అమ్మ. ముడి వేస్తె తొవ్వల ముడి పడ్తదని ఆమె నమ్మకం. అందుకని గిట్ల కుట్టు మీద కుట్టు వేసి ఆపేది. ఆ అలవాటు నాకొచ్చింది. నేను ఎటూ పోకున్న గిట్లనే కుడత."

"మీ అమ్మగారు దీన్ని ఎప్పుడు కుట్టిన్రు?"

అది కూడా నాకు కళ్ళ ముందు ఉంది. మా ఆయన పంక్తిలో గుంజిన గుంజుకు ఊడిన మూల. అన్న మరునాడు బయలుదేరాలి. పెళ్ళి ఇల్లు, సూది దొరకలేదు, దొరికాక దారం దొరకలేదు. అమ్మ కిటికీ దగ్గర కూర్చుని, అన్నను చొక్కా విప్పనీయకుండానే, ఒంటి మీదే కుట్టింది. ఒంటి మీద కుడితే నోట్లో ఏదో ఒకటి పెట్టుకోవాలంటారు కదా, అన్న నోట్లో తమలపాకు పెట్టింది. ఆకు నోట్లో పెట్టుకుని అన్న నా వైపు చూసి కళ్ళెగరేశాడు. ఆ చొక్కాతోనే సికింద్రాబాద్ స్టేషన్‌లో రైలెక్కాడు. కొత్త పెళ్ళికూతుర్ని, నన్ను రానివ్వకపోతే ఏడ్చి మరీ వెళ్ళాను.

ఇదంతా చెప్పాను. ఫణీంద్రగారు మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు.

"ఆ చొక్కాతోనే పోయిండా? అది మీకు ఖాయంగ యాదికున్నదా?"

"రైలు కిటికిల నుంచి కుడిచెయ్యి ఊపిండు. బిళ్ళ కనపడ్డది."

ఆయన భూతద్దం కింద పెట్టారు. "పటాలంల అర్హత లేనోడు ఇది కుట్టుకుని లోపలికి పోతె గేటు కాడనే పీకిస్తరమ్మా. ఇంట్ల పెట్టుకోవచ్చు, పెళ్ళిల పెట్టుకోవచ్చు. డ్యూటీకి తిరిగి పొయ్యేటప్పుడు పెట్టుకోలేడు." వదిన వైపు చూశారు. "ఈకలు ఎడం ఉన్నయంటె, మొదటిది చిరిగిపోయి ఇది రెండోది కొనుక్కున్నట్టు. మీ ఆయన దూకిండు. పేరు నేనే రాస్త."

వదిన ఏడవలేదు. "మరి నిచ్చెన ఎందుకు ఎక్కకపోతుండె?" అని అడిగింది.

"అది నాకు కూడ తెల్వదు," అన్నారాయన.

"ఆయన దూకింది నిజం. నిచ్చెన ఎక్కంది నిజం. రాస్తె రెండూ రాయాలె సార్."

"చదివి నవ్వుతరమ్మా."

"నవ్వనియ్యండి. నిజం తెల్వక నవ్వితె తప్పు గని, తెలిసి నవ్వితె ఏంది?"

వచ్చేటప్పుడు ఆయన చేతులు జోడించి, ఇంకెప్పుడూ ఉతకొద్దని, పొడి గుడ్డతో తుడిస్తే చాలని చెప్పారు. బొట్టు సంగతి మాత్రం వదిన ఒప్పుకోలేదు.

ఇంటికొచ్చి మా ఆయనకు మొత్తం చెప్పాను. ఆయన పడక కుర్చీలో కూర్చుని, చేతికర్రతో నేల మీద గీతలు గీస్తూ విన్నాడు.

"కాదని నేను ఎప్పుడన్న?" అన్నాడు.

"బతుకంత అన్నరు."

"బామ్మర్దిని అనకపోతె ఎవర్ని అంట?" కర్ర ఆగింది. "ఆనాడు నేను గుంజకపోతె మీ అమ్మ కుట్టకపోవు. మీ అమ్మ కుట్టకపోతె మీకు ఇయ్యాల రుజువు ఎక్కడిది? ఆ సారుకు చెప్పు, నా పేరు కూడ రాయాలె," అన్నాడు. ఆ మాటకు నేను నవ్వాను గాని ఆయన నవ్వలేదు. ఆ పూట అన్నం సరిగా తినలేదు.

ప్రదర్శన రోజు ముగ్గురం వెళ్ళాం. అద్దాల పెట్టెలో మరచెంబుకూ గ్రామఫోనుకూ నడుమ అన్న బిళ్ళ. కుంకుమ మరక అలాగే ఉంది. పక్కన చీటీ మీద ఫణీంద్రగారి గుండ్రటి అక్షరాలు. "జగదీశ్వర్, చిక్కడపల్లి. పారాచూట్ దళం. విమానం నుంచి దూకేవారు. ఇంట్లో నిచ్చెన ఎక్కేవారు కాదు." మా ఆయన దాన్ని చదివి, ఇంకోసారి చదివి, వచ్చేపోయేవాళ్ళందరికీ ఆ మూల ఊడగొట్టింది తానేనని చెప్పడం మొదలుపెట్టాడు.

మధ్యాహ్నం ఒక ముసలాయన వచ్చాడు. నడుము నిటారుగా, మీసాలు తెల్లగా, కోటుకు చిన్న పారాచూట్ పిన్ను. కిందటిసారి పతకం తీయించిన వాళ్ళలో ఒకడట, ఆయన్ను చూడగానే ఫణీంద్రగారు లేచి నిలబడ్డారు. ముసలాయన బిళ్ళ మీదికి వంగాడు. చాలాసేపు చూశాడు. తరువాత చీటీ చదివాడు. చివరి మాట దగ్గర ఆగి, మళ్ళీ చదివి, భుజాలు కదిలేలా నవ్వాడు.

వదిన ఒక అడుగు ముందుకు వేసింది. "ఏందన్నా, ఎందుకు నవ్వుతున్నరు?"

"ఏం లేదమ్మా," అన్నాడాయన కళ్ళు తుడుచుకుంటూ. "మా ఇంట్ల కూడ బల్బు మా ఇంటామెనే మారుస్తది. విమానంల అయితె వెనకోడు నూకుతడు. నిచ్చెన కాడ ఎవడు నూకుతడు?"

వదిన ఆ మాటకు నవ్వింది. అన్న ఆ జవాబు చెప్పిన ప్రతిసారీ నవ్వినట్టే, అదే నవ్వు. నవ్వుతూనే వెళ్ళి అద్దం మీద అరచెయ్యి పెట్టింది. మా ఆయన ఆ పెద్దాయనకు తన కుర్చీ జరిపి, "కూసో బావా," అన్నాడు.